బావ మీద లేచిన తెడ్డు

మిల్లు గేటు ముందు ఆ ఫొటో తీసిన రోజు పొద్దున, చిన్నది బావ చెయ్యి విరగ్గొట్టాలని బయల్దేరింది. సమ్మె సంగతి ఆమెకు పట్టలేదు. మిల్లులో ఆమెకు పనీ లేదు, జీతమూ లేదు.

ఆ ఫొటో తర్వాత పుస్తకాలకెక్కింది, గోడలకెక్కింది, తపాలా బిళ్ల మీదికి కూడా ఎక్కింది. జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, రెండు చేతులా పైకెత్తిన పొడవాటి కర్ర, కాళ్ల దగ్గర యూనిఫారంలో వెల్లకిలా పడ్డ మగమనిషి, వెనక నోళ్లు తెరుచుకుని లేస్తున్న జనం. కింద ‘మగ్గం కర్రతో తిరగబడ్డ మిల్లు కార్మికురాలు’ అని అచ్చు వేశారు. ఆ కర్ర దుప్పట్లు తిప్పే తెడ్డు. ఆమె పనిచేసేది పెద్దాసుపత్రి లాండ్రీలో. కింద పడి ఉన్నవాడు ఆమె అక్క మొగుడు.

లాండ్రీ ఆసుపత్రి నేలమాళిగలో ఉండేది. గోడ పొడవునా రాగి బాయిలర్లు, కప్పు కింద ఎప్పుడూ కదలని ఆవిరి. నెత్తురూ చీమూ అంటిన దుప్పట్లను సోడా నీళ్లలో ఉడకేసి, మనిషంత ఎత్తు తెడ్డుతో తిప్పడం చిన్నదాని పని. ఏళ్ల తరబడి తిప్పి తిప్పి ఆమె భుజాలు బస్తాలు మోసేవాళ్ల భుజాల్లా తయారయ్యాయి. “నీతో చెయ్యి కలపాలంటే ముందు డాక్టరు చీటీ తెచ్చుకోవాలి,” అని ఆసుపత్రి వంటవాడు నవ్వేవాడు.

ఆ పొద్దున వార్డు ఆయా మురికి బట్టల మూటతో మెట్లు దిగి వచ్చి, మూట కింద పెట్టకుండానే చెప్పింది.

“చిన్నదానా, మీ అక్క పైన ఉంది. ఆపరేషన్ గది పక్కన.”

“ఏమైంది?”

“చెయ్యి. నువ్వెళ్లి చూడు. ఇక్కడ నేను తిప్పుతాలే.”

వాళ్లింట్లో పుట్టింది ఇద్దరే ఆడపిల్లలు. పెద్దది, చిన్నది అని తల్లి పిలిచిన పిలుపే అందరి నోళ్లలో నిలిచిపోయింది. తల్లి పోయాక పెద్దదే చిన్నదాన్ని పెంచింది. తను పస్తుండి చెల్లెలి కంచంలో వేసింది, జ్వరం వస్తే ఒళ్లో పడుకోబెట్టుకుంది. పెళ్లి చేసుకుని మిల్లు క్వార్టర్సుకు వెళ్లిపోయాక కూడా వారానికోసారి వచ్చి చెల్లెలి తల దువ్వి, జడ వేసి వెళ్లేది. మొగుడు మిల్లు గేటు జమాదారు, కాపలావాళ్లందరికీ పెద్ద. ఆరడుగుల మనిషి, నలుగురిలో నవ్విస్తూ మాట్లాడతాడు. పెళ్లయిన ఏడాది తిరక్కుండానే అక్క మీద దెబ్బలు కనబడసాగాయి. ఒకసారి మెట్లు జారానంది. ఇంకోసారి అలమర తలుపు తగిలిందంది. మరోసారి మంచం కోడు తన్నుకుందంది. “ఆ ఇంట్లో గోడలూ తలుపులూ కూడబలుక్కుని మా అక్క మీద పగబట్టాయి,” అనేది చిన్నది. అక్క నవ్వేసి మాట మార్చేది.

ఆ రోజు అక్క నవ్వలేదు. గోడవారన బల్ల మీద కూర్చుని ఉంది. కుడి చెయ్యి మణికట్టు దాకా కట్టు. చూపుడు వేలూ, దాని పక్క వేలూ మొదలంటా తీసేశారు. కట్టు మీద రెండు చోట్ల ఎరుపు ఊరుతోంది.

“గాలికి తలుపు పడింది,” అంది అక్క, చెల్లెలు అడగకముందే.

“గాలికి రెండు వేళ్లు పోతాయా అక్కా?”

“పెద్ద గాలి.”

“నిన్నంతా ఆకు కూడా కదల్లేదు.”

అక్క తలుపు వైపు చూసి, గొంతు తగ్గించింది. “భోజనం చల్లారిపోయిందన్నాడు. సమ్మె మొదలైనప్పట్నించీ పగలూ రాత్రీ గేటు దగ్గరేగా, చిరాకు. నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. చెయ్యి తియ్యమన్నాడు. నేను తీసేలోపే వేసేశాడు.”

“ఒక్కసారేనా?”

అక్క కట్టు చేతిని ఒళ్లోకి తీసుకుంది. “మొదటిసారికి విరగలేదు,” అంది.

చిన్నది అక్క నుదుటి మీద పడ్డ జుట్టు వెనక్కి సర్దింది.

“ఎవరితోనూ అనకే. ఆయన ఉద్యోగానికి మాటొస్తుంది,” అంది అక్క.

“నేనెవరితోనూ ఏమీ అనను,” అంది చిన్నది. కిందికి దిగి ఆయా చేతిలోంచి తెడ్డు తీసుకుంది. “మూలన ఇంకోటుంది, దాంతో తిప్పు,” అని చెప్పి, తెడ్డు భుజాన వేసుకుని వీధిలోకి నడిచింది. తెడ్డు చివర నుంచి సోడా నీళ్లు వీపు మీదికి కారుతున్నా ఆమెకు తెలియలేదు.

ఆసుపత్రి నుంచి మిల్లుకు వెళ్లే దారి కార్మికుల ఇళ్ల మధ్యగా పోతుంది. గేటు ముందు కూర్చున్నవాళ్లకు భోజనాలు పట్టుకెళుతున్న ఆడవాళ్లు ఆమెను చూశారు. వాళ్లలో కొందరు మొహం గుర్తుపట్టారు.

“నువ్వూ వస్తున్నావా తల్లీ? ఆసుపత్రి వాళ్లు కూడా కలిశారా?”

“నా పని మీద పోతున్నా.”

“అందరిదీ ఒకటే పనిలే,” అని వాళ్లు వెనకే నడిచారు. సందు సందుకీ ఇద్దరు ముగ్గురు కలిశారు. చిన్నది ఒకసారి ఆగి వెనక్కి తిరిగి, “నా వెంట రాకండి,” అంది. ముందుండి ప్రమాదం తనే ఎదుర్కొంటానంటోంది అనుకుని వాళ్లు మరీ దగ్గరగా నడిచారు.

గేటు దగ్గర అంతా నిశ్శబ్దంగా ఉంది. కార్మికులు రోడ్డు మీద వరసలుగా కూర్చున్నారు. యూనియన్ పెద్దాయన, ఎండిన పుల్లలాంటి ముసలాయన, వరసల మధ్య తిరుగుతూ, “రాయి ముట్టుకోవద్దు, తిట్టొద్దు, కూర్చోవడమే మన పని,” అని చెబుతున్నాడు. గేటుకు అడ్డంగా కాపలావాళ్లు, వాళ్ల వెనక మిల్లువాళ్లు పెట్టుకున్న తుపాకులవాళ్లు, లోపల మెట్ల మీద మేనేజరు. పక్కగా మూడుకాళ్ల కెమెరా పెట్టుకుని, నల్లగుడ్డ కింద తలదూర్చి ఎదురు వీధి స్టూడియో ఆయన ఉన్నాడు. ఆయన్ని పిలిపించింది యూనియను కాదు. సమ్మె చప్పబడిపోయిందనీ, గేటు దగ్గర అంతా ప్రశాంతంగా ఉందనీ పేపర్లో వేయించడానికి మేనేజరే పిలిపించాడు. ఆయన పొద్దుట్నించీ ప్రశాంతతకు గురిచూసుకుని నిలబడి ఉన్నాడు.

చిన్నది వరసల మధ్యగా నడిచింది. దారికి అడ్డంగా కాళ్లు చాపుకుని కూర్చున్న, మిల్లులో నూలు కండెలు చుట్టే ఆవిడ ఒకామె, తన టిఫిను డబ్బా ఎత్తి ఒళ్లో పెట్టుకుని, పక్కకు జరిగి దారి ఇచ్చింది.

“బావా,” అంది చిన్నది.

జమాదారు చూశాడు. తెడ్డు చూసి పెదవి విరిచాడు. “ఏం మరదలా, ఉతకాల్సిన బట్టలేమైనా ఉన్నాయా ఇక్కడ? మీ అక్క పంపిందా?”

“దాని చెయ్యి చూసొచ్చా.”

పక్కనున్న కాపలావాడు నవ్వాడు. నలుగురు వింటున్నారని జమాదారుకి హుషారొచ్చింది. “రెండే పోయాయిగా. వంటకి ఎనిమిది చాలు,” అన్నాడు.

మొదటి దెబ్బ అతని కుడి మోచేతి మీద పడింది. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడు వెనక వరసల దాకా వినబడింది. అతను ఎడమచేత్తో లాఠీ తీయబోయాడు. రెండో దెబ్బకు మెడా భుజమూ కలిసే చోట ఎముక లోపలికి దిగిపోయి, వెల్లకిలా పడ్డాడు. నోట్లోంచి మాట రాలేదు, ఊపిరి మాత్రం ఈలలా వస్తోంది. చిన్నది తెడ్డు రెండు చేతులా ఎత్తింది. ముడి విడిపోయి జుట్టు మొహం మీద పడింది. వెనక జనం ఒక్కసారిగా లేచారు. స్టూడియో ఆయన వేళ్లు భయంతో బిగుసుకుని మీట నొక్కేశాయి.

ఆ దెబ్బ పడలేదు. అది పడేలోపే తుపాకులు పేలాయి.

యూనియన్ పెద్దాయన చేతులు చాపి, “కూర్చోండి, కూర్చోండి,” అంటూ ఉండగానే ఆయన చొక్కా ముందంతా ఎర్రబడింది. ఆయన తను చెప్పిన మాట తనే పాటించినట్టు నెమ్మదిగా కూలబడ్డాడు. కండెలావిడ గొంతులో గుండు దిగింది. ఆమె డబ్బా గట్టిగా పట్టుకునే పక్కకు ఒరిగింది, మూత ఊడి భోజనం నెత్తుట్లో కలిసింది. పరిగెత్తేవాళ్లు పడ్డవాళ్ల మీద నుంచి పరిగెత్తారు. ఎవరిదో పాదం విడిగా చెప్పుతో సహా రోడ్డు మీద కనబడింది. రెండోసారి తుపాకులు నింపుకునే వ్యవధిలో జనం గేటు మీద పడ్డారు. కాపలావాళ్లలో ఒకణ్ణి గేటు ఊచలకేసి మోది మోది వదిలారు, అతని మొహంలో ముక్కు మిగల్లేదు. కెమెరా మూడు కాళ్లూ విరిగి పడింది. దాని యజమాని ఫొటో పడ్డ గాజు ప్లేటును పొట్ట కింద దాచుకుని బోర్లా పడుకున్నాడు.

కాబట్టి ఆ తర్వాత జరిగిన దానికి ఫొటో లేదు. ఇద్దరు కుర్రాళ్లు జమాదారు కాళ్లు పట్టి ఈడ్వబోయారు. ఇంకొకతను పెద్ద బండరాయి ఎత్తాడు. చిన్నది ఆ రాయి ఎత్తినవాడి మోకాలి మీద తెడ్డుతో కొట్టింది. కుర్రాళ్లలో ఒకడి దవడ పగిలింది.

“వీడు మాకు కావాలమ్మా, పక్కకు జరుగు,” అని ఎవరో అరిచారు.

“చెయ్యి వరకే నా లెక్క,” అందామె. “ప్రాణం మా అక్కది. దాన్నడిగి తీసుకోండి.”

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఆమె బావ చొక్కా మెడ పట్టుకుని, కాపలావాళ్ల గదిలోకి ఈడ్చుకెళ్లి, లోపల గడియ పెట్టింది. బయట తలుపు మీద రాళ్లు పడుతున్నంతసేపూ, లోపల అతని విరిగిన ఎముక మీద తన మోకాలు ఆనించి కూర్చుంది. అతను దాహమన్నాడు. కుండ పక్కనే ఉంది. ఆమె కదల్లేదు.

పోలీసులు గడియ పగలగొట్టి ఇద్దర్నీ బయటికి తెచ్చేటప్పటికి రోడ్డు మీద ఆరు శవాల మీద గోనెలు కప్పి ఉన్నాయి. ఒక గోనె కింద నుంచి టిఫిను డబ్బా మూత కనబడింది. చిన్నది దాని దగ్గర ఆగిపోతే పోలీసులు ఈడ్చుకెళ్లాల్సి వచ్చింది.

స్టేషన్లో ఇన్‌స్పెక్టరు ఆమె ముందు ఒక కాగితం పెట్టాడు. యూనియన్ పెద్దాయన పంపితేనే దాడి చేశానని రాసి ఉంది. సంతకం పెడితే ఏడాదిలో ఇంటికి పోవచ్చన్నాడు.

“ఎవరూ పంపలేదండి. మా బావని కొట్టడానికి నేనే వెళ్లాను.”

“ఏ బావ? మీ యూనియన్లో బావ అంటే ఎవరు?”

“మా అక్క మొగుడు.”

ఇన్‌స్పెక్టరు పక్కనున్న రైటరు వైపు తిరిగి, “రాసుకో. నాయకుడి మారుపేరు బావ,” అన్నాడు. రైటరు నిజంగానే రాశాడు. తర్వాత ఆమెను బల్లకు కట్టి అరికాళ్ల మీద కొట్టారు. కాళ్లు తిమ్మిరెక్కాక వేళ్ల గోళ్లు పీకారు. ఒక దెబ్బకు కింది పళ్లు రెండు ఊడి ఆమె నాలుక మీద పడ్డాయి, వాటిని ఆమె అరచేతిలోకి ఉమ్ముకుని చూసుకుంది. ఆసుపత్రిలో ఇంతకంటే ఎక్కువ నెత్తురు రోజూ ఉతికాను అని తనకు తాను చెప్పుకుంది. కానీ అది వేరేవాళ్ల నెత్తురు. రెండో రోజు ఆమె అరిచింది, మూడో రోజు ఏడ్చింది, కాళ్లు పట్టుకుంటానంది. సంతకం మాత్రం పెట్టలేదు. ధైర్యం వల్ల అనుకోవడానికి లేదు. పెన్ను చేతికిచ్చినప్పుడల్లా చేతులు చాచి కూర్చోండంటున్న ముసలాయన కళ్ల ముందు కనబడేవాడు. ఆయన రాయి కూడా ముట్టుకోవద్దన్నాడు. ఆయన తనను పంపాడని ఎలా రాస్తుంది?

ఈలోగా ఫొటో పేపర్లో పడింది. స్టేషన్ బయట జనం ఆమెకు జై కొడుతున్నారు. లోపల ఆమె అది వింటూ, గోడవైపు తిరిగి పడుకునేది.

కేసు కోర్టుకొచ్చింది. కార్మికులు దాడి చేశారు కాబట్టే కాల్చామని మిల్లువాళ్ల వాదన. యూనియన్ వకీలు జైలుకొచ్చి చిన్నదాంతో సూటిగా చెప్పాడు.

“నువ్వు చెప్పేది నిజమైతే, కూర్చున్నవాళ్లని ఊరికే కాల్చారని తేలుతుంది. కానీ నీ మాట ఒక్కటీ చాలదమ్మా. మీ అక్క చెప్పాలి. వెళ్లి అడిగాను. గాలికి తలుపు పడిందంటోంది.”

“ఎక్కడుంది?”

“ఆ ఇంట్లోనే.”

బోనులో జమాదారు వేలాడుతున్న కుడిచెయ్యిని ఎడమచేత్తో పట్టుకుని నిలబడ్డాడు. “మరదలంటే నాకు కూతురితో సమానమండి. దానికి నా మీద కోపమేముంటుంది? ఎవరో ఎక్కించారు,” అన్నాడు. మేనేజరు తలూపాడు.

తర్వాత పెద్దదాన్ని పిలిచారు. కట్టు విప్పేసిన చెయ్యి బట్ట కింద దాచుకుని వచ్చింది. బాగా చిక్కిపోయింది. చెల్లెలి వైపు చూసి, ఆమె నోట్లో రెండు పళ్లు లేకపోవడం గమనించి, చూపు తిప్పుకుంది. అక్క మళ్లీ మెట్లో అలమరో అంటుందనే చిన్నది అనుకుంది.

“మీ చేతికేమైంది?” అని వకీలు అడిగాడు.

అక్క చెయ్యి బయటికి తీసి బోను కొయ్య మీద పెట్టింది. రెండు వేళ్లు ఉండాల్సిన చోట ఇంకా ఎర్రగా, మెరుస్తూ ఉంది.

“మా ఆయన తలుపు సందులో పెట్టి నొక్కాడండి. మొదటిసారికి విరగలేదని మళ్లీ వేశాడు. మా చెల్లి అందుకే వెళ్లింది.”

జడ్జి కాగితాలు తిరగేశాడు. “గాలికి పడిందని ఆసుపత్రిలో చెప్పావు కదా?”

“చెప్పానండి. మొగుడి పేరు చెప్పలేక గాలి పేరు చెప్పాను.”

“మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?”

“ఆరుగురు పోయారండి,” అంది అక్క. “వాళ్లు గాలికి పోలేదు.”

కోర్టు వరండాలో జమాదారు ఆమె కోసం కాచుకుని ఉన్నాడు. ఎవరూ ఊహించలేదు. ఎడమచేత్తో గొంతు పట్టి గోడకు అదిమాడు. ఆమె తల వెనకభాగం రాతిగోడకు తగిలి కళ్లు తేలిపోయాయి. చేతులకు బేడీలతో, రెండువైపులా కానిస్టేబుళ్లతో ఉన్న చిన్నది గొలుసు తెగేట్టు గింజుకుంది. మణికట్టు చర్మం ఊడింది గానీ ఒక్క అడుగు పడలేదు. అక్క మాత్రం అరవలేదు. మొహం తిప్పి అతని బొటనవేలి మొదట్లో పళ్లు దించింది. అతను కేక పెట్టి, జుట్టు పట్టి లాగి, మోకాలితో పొట్టలో తన్నాడు. ఆమె పట్టు వదల్లేదు. మిల్లు ఆడవాళ్లు వచ్చి అతన్ని కిందపడేసి తొక్కేదాకా వదల్లేదు. వదిలాక గోడ పట్టుకుని నిలబడి, నోట్లోది ఉమ్మేసి, “నేనా ఇంటికి రాను. నా బట్టలు ఎవరితోనైనా పంపించు,” అని గొంతు బొంగురుగా చెప్పింది.

కాల్పులు అన్యాయమని జడ్జి రాశాడు. మిల్లు దిగివచ్చింది, సమ్మె గెలిచింది. మేనేజరును వేరే మిల్లుకు మార్చారు, అంతకుమించి అతనికి ఏమీ కాలేదు. అబద్ధం చెప్పి కూడా పని జరిపించలేకపోయిన జమాదారును మిల్లువాళ్లే బయటికి గెంటారు. విరగ్గొట్టిన చేతికీ భుజానికీ చిన్నదానికి నాలుగేళ్లు పడింది. తీర్పు పేపర్లో చిన్న అక్షరాల్లో వచ్చింది, ఎంతమంది చదివారో తెలియదు. ఫొటో మాత్రం ఇల్లిల్లూ తిరిగింది.

విడుదలైన రోజు జైలు గేటు ముందు జనం మూగారు. పూలు తెచ్చారు, ఆ ఫొటోను నిలువెత్తున పెద్దది చేయించి కర్రలకు కట్టి తెచ్చారు. చిన్నది దాన్ని చూడకుండా తల వంచుకుని అక్క దగ్గరికి నడిచింది. జనంలోంచి నెరిసిన గడ్డం మనిషొకడు అడ్డం వచ్చాడు.

“గేటు దగ్గర పోయిన కండెలావిడ మా ఆవిడ,” అన్నాడు. “కోర్టులో నువ్వు చెప్పిందంతా కూర్చుని విన్నా. ఒక్క అబద్ధం చెప్పలేదు. అది ఒప్పుకుంటా.”

చిన్నది తలెత్తింది. అతను ఆమె చెంప మీద బలంకొద్దీ కొట్టాడు. పళ్లు లేని చోట చిగుళ్లు చిట్లి నోరు ఉప్పగా అయింది. జనం అతని మీదికి వచ్చారు. అక్క మూడు వేళ్ల చెయ్యి పిడికిలి పట్టి ముందుకు దూకింది. చిన్నది ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఉండనీ అక్కా. ఎవరూ ఆయన్ని ముట్టుకోకండి.”

అతను రెండో దెబ్బకు చెయ్యెత్తి, ఎత్తిన చెయ్యి అలాగే ఉంచి, మొహం ముడుచుకుపోయి ఏడ్చాడు. చిన్నది పక్కకు జరగలేదు, ఓదార్చలేదు. అతను ఏడుపు ఆపుకుని, చొక్కా చేతితో మొహం తుడుచుకుని జనంలోకి వెళ్లిపోయేదాకా అక్కడే నిలబడింది. పూలు తెచ్చినవాళ్లు ఏం చేయాలో తోచక పూలు చేతుల్లోనే పట్టుకుని నిలబడ్డారు.

అక్క అద్దెకు తీసుకున్న గది బట్టలకు రంగులేసే కార్ఖానా వెనక ఉంది. రెండు మంచాలు, ఒక కిటికీ. జైలుకెళ్లినవాళ్లను ఆసుపత్రిలో తిరిగి తీసుకోరని తెలిసి, అక్క ముందే కార్ఖానా మేస్త్రీతో మాట్లాడి పెట్టింది. గదికి చేరాక తడిగుడ్డతో చెల్లెలి చెంప మీద అద్దింది.

“నొప్పిగా ఉందా?”

“ఉంది.”

“ఆ దెబ్బ నాకు పడాల్సిందే. ముందే నోరు తెరిచుంటే నువ్వక్కడికి వెళ్లేదానివి కాదు.”

“నేను నీతో చెప్పకుండా వెళ్లాను,” అంది చిన్నది. “మనిద్దరం తలా కాస్త మోద్దాంలే.”

అక్క గుడ్డ మళ్లీ నీళ్లలో ముంచి పిండింది. మూడు వేళ్లతో పిండటం వల్ల నీళ్లు నేలమీద కారాయి. చిన్నది లేచి సాయం చేయబోతే, “కూర్చో, నాకు వచ్చు,” అంది. మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కార్ఖానాకు వెళ్లారు. చిన్నదానికి మొదటి రోజే నీలం రంగు తొట్టి దగ్గర, తెడ్డుతో బట్ట తిప్పే పని ఇచ్చారు.